పెరట్లో పిట్టలు, మారుతున్న రాకపోకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హనుమకొండ శివారు. ఇంటి వెనక చిన్న పెరడు: ఒక వేప, ఒక జామ, కరివేపాకు, మందారం, గోడ పొడవునా ఎవరూ నాటకుండానే పెరిగిన పొదలు. బ్యాంకులో పనిచేసే రోజుల నుంచి ఇక్కడ కనబడిన పిట్టల పేర్లు, తేదీలు పాత డైరీల్లో రాసుకుంటున్నాను. పదిహేనేళ్ళయింది. నేను శాస్త్రవేత్తను కాను. చుట్టుపక్కల వాళ్ళు, వాట్సాప్ గ్రూపు వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఒక్కచోట జవాబులు రాసిపెడదామని కూర్చున్నాను.

ఈసారి వలస పక్షులు ఆలస్యంగా వచ్చాయి కదా?

దేనితో పోలిస్తే ఆలస్యం అని ముందు అడుగుతాను. "పోయిన దసరాకి వచ్చేశాయండి, ఈ దసరాకి ఒక్కటీ లేదు" అంటారు చాలామంది. దసరా తిథిని బట్టి వస్తుంది. 2023లో అధిక శ్రావణం పడి అక్టోబరు నాలుగో వారానికి వెళ్ళింది. 2024లో అక్టోబరు 12. 2025లో అక్టోబరు 2. అంటే మూడేళ్ళలో మూడు వారాల తేడా. ఉగాదీ అంతే: 2023లో మార్చి 22, మరుసటి ఏడు ఏప్రిల్ 9. పిట్ట తన రోజుకే వచ్చినా మన పండగే ముందుకో వెనక్కో జరిగి, పిట్ట మీద నింద పడుతోంది.

పిట్ట చూసేది పగటి పొడవును. అది సూర్యుడి లెక్క. మన దగ్గర సూర్యుడి లెక్కతో నడిచేవి కార్తెలు. మృగశిర కార్తె ఏ సంవత్సరమైనా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. రోహిణి మే 25 ప్రాంతంలో, హస్త సెప్టెంబరు 27 ప్రాంతంలో. పాతకాలం రైతు పెళ్ళికి తిథి చూసేవాడు, విత్తనానికి కార్తె చూసేవాడు. పిట్టలకూ కార్తే చూడండి. "బతుకమ్మకి వచ్చింది" అని కాక "హస్త కార్తెలో వచ్చింది" అని రాసుకుంటే వచ్చే ఏడాదితో పోల్చడానికి పనికొస్తుంది. మామూలు తేదీ రాసినా చాలు. పండగ పేరు మాత్రం వద్దు.

మా ఇంటి పెరట్లోకి నిజంగా దూరదేశాల పిట్టలు వస్తాయా? అవన్నీ చెరువుల దగ్గర కదా ఉండేది?

వస్తాయి. మీరు చూసే ఉంటారు, పిచ్చుక అనుకుని వదిలేసి ఉంటారు.

సెప్టెంబరు చివర నుంచి మీ ఇంటి పక్క వేపచెట్టు పై కొమ్మల్లో "చిస్‌వీ, చిస్‌వీ" అని సన్నగా, పదునుగా ఒక అరుపు వినిపిస్తుంది. కాసేపటికోసారి, రోజంతా. అది గ్రీనిష్ వార్బ్లర్. పాచి రంగు ఒళ్ళు, కంటి మీద తెల్లని గీత, పది గ్రాములు కూడా తూగదు. దీని జాతి గుడ్లు పెట్టేది హిమాలయాల నుంచి రష్యా దాకా ఉన్న అడవుల్లో. ఇక్కడికొచ్చాక ఒక చెట్టునో రెండు చెట్లనో తనవిగా చేసుకుని, ఏప్రిల్ దాకా ఇంకో వార్బ్లర్‌ను రానివ్వదు. ఆ అరుపు "ఇది నా చెట్టు" అని చెప్పడమే.

కింద పొదల్లో ఇంకొకటి ఉంటుంది. నాలుకతో చప్పరించినట్టు "చక్... చక్" అంటుంది, కనపడదు. అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టి రంగు, ఏ గుర్తూ లేని పిట్ట. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా దాని సొంత ప్రాంతం. ఫొటోకి పనికిరాదు కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం చలికాలం మొదలైందని చెప్పేది ఆ "చక్" శబ్దమే.

డాబా మీదో, ప్రహరీ మీదో తోక వణికిస్తూ కూర్చునే నల్లని పిట్ట మూడోది. పొట్ట, తోక ఇటుక రంగు. బ్లాక్ రెడ్‌స్టార్ట్. హిమాలయాలకు ఆవలి ఎత్తైన రాతి నేలల నుంచి వస్తుంది, అందుకే మన వరంగల్, హైదరాబాద్ గుట్టలంటే దానికి ఇష్టం. 19వ శతాబ్దంలో నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు దీని తెలుగు పేరు "నూనెబుడ్డిగాడు" అని రాసిపెట్టుకున్నాడు. మసిబారిన నూనె బుడ్డిలా ఉంటుందనేమో. ఇంత చక్కని పేరును మనం ఎలా పోగొట్టుకున్నామో!

ఏ నెలలో ఏది వస్తుంది?

అన్నీ చలికాలంలో వస్తాయనుకుంటాం. గులాబీ గోరింకలు జులై, ఆగస్టుల్లోనే దిగడం మొదలుపెడతాయి. మధ్య ఆసియాలో మిడతలు తిని, పిల్లల్ని పెంచి, ఆ పని కాగానే బయలుదేరతాయి. కుంటల దగ్గర తోక ఎగరేస్తూ తిరిగే సన్నకాళ్ళ ఉల్లంకులు కూడా ఆగస్టుకల్లా కనబడతాయి. సెప్టెంబరులో కాటుకపిట్టల్లో వలస వచ్చే రకాలు, కరెంటు తీగల మీద వరసగా కూర్చునే స్వాలోలు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వార్బ్లర్లు, నూనెబుడ్డిగాడు. అక్టోబరు, నవంబరుల్లో చెరువులకు బాతులు. పసుపుపచ్చని వంగపండు పిట్ట, పొడవాటి తోకపిట్ట కూడా ఈ రోజుల్లోనే తోటల్లో కనబడతాయి. అయితే ఇవి విదేశాల నుంచి కాదు, ఎక్కువగా మన దేశం లోపలే పైనుంచి కిందికి దిగినవి.

తిరుగు ప్రయాణం ఫిబ్రవరి చివర బాతులతో మొదలై ఏప్రిల్ ఆఖరుకి వార్బ్లర్లతో ముగుస్తుంది. వెళ్ళేముందు గులాబీ గోరింకలు మోదుగ పూల మీద, బూరుగు పూల మీద పడి ముక్కుల నిండా పుప్పొడి పూసుకుంటాయి. మార్చిలో పూసిన మోదుగ కింద ఒక గంట కూర్చోండి, ఇంకేం చూడక్కర్లేదు.

పేపర్లో "సైబీరియా పక్షులు వచ్చాయి" అని రాస్తారు. ఆ కొంగలు, గూడబాతులు సైబీరియావేనా?

కావు. ఈ ప్రశ్నకు ఎన్నిసార్లైనా విసుగు లేకుండా జవాబు చెబుతాను.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కొల్లేటి ఆటపాక, సూళ్ళూరుపేట వైపు నేలపట్టు, శ్రీ సత్యసాయి జిల్లాలో వీరాపురం. వీటిలో ఎక్కడికెళ్ళినా ముఖ్యంగా కనబడేవి రెండు: సంచిలాంటి ముక్కున్న గూడబాతులు, గులాబీ రెక్కలతో పసుపు ముక్కుతో ఉండే ఎర్రకాళ్ళ కొంగలు. అవి అక్కడ చేసే పని చూడండి. పుల్లలు ఏరి గూడు కడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని సాకుతాయి. వలస పక్షి ఏదీ చలికాలపు విడిదిలో గుడ్లు పెట్టదు. చలికి, ఆకలికి తాళలేక ఇక్కడికొచ్చి, తిని, బలం పుంజుకుని, పిల్లల కోసం తన ఊరికి వెళ్ళిపోతుంది. గూడు ఎక్కడుంటే అదే దాని ఇల్లు. కాబట్టి గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ మన పక్షులే. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దక్షిణ భారతంలోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తిరుగుతుంటాయి.

వీరాపురం లాంటి ఊళ్ళలో జనం వీటిని పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ పోలికలో ఉన్నంత సైన్సు పేపర్ హెడ్డింగులో లేదు. అవి వచ్చేది పుట్టింటికే.

పులికాట్ ఫ్లెమింగోలవీ సైబీరియా కాదు. పెద్ద ఫ్లెమింగోలు మన దేశంలో గుడ్లు పెట్టే పేరున్న చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. నిజంగా సైబీరియా పేరు పెట్టుకున్న కొంగ ఒకటుండేది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనబడలేదు. ఉత్తర ఆసియా నుంచి మన చెరువులకు వచ్చేవాటిలో సూదితోక బాతుల్లాంటివి ఉన్నాయి. అవి నీళ్ళ మధ్యలో తల వాల్చి నిద్రపోతుంటాయి కాబట్టి టీవీ కెమెరాకు ఆనవు.

కోయిల ఉగాదికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కడి నుంచీ రాదు. ఏడాది పొడవునా మన చెట్ల మీదే ఉంటుంది, చలికాలమంతా దాదాపు నోరు విప్పదు. కాకులు గూళ్ళు కట్టే కాలం దగ్గర పడుతుంటే మగది గొంతెత్తుతుంది. నల్లగా ఉండి కూసేది మగ కోయిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, అందుకే చాలామంది అదేదో వేరే పిట్ట అనుకుంటారు. "కోయిల వచ్చింది" అని కాకుండా "మొదటి కూత విన్నాను" అని తేదీ రాసుకోండి. అది వలస లెక్క కాదు గానీ, రాయదగ్గ లెక్కే.

మరి వాన ముందు వచ్చే చాతకం?

ఇది నిజంగానే ప్రయాణికురాలు. నెత్తిన జుట్టు, నలుపు తెలుపు ఒళ్ళు, "పియూ పియూ" అని అరుపు. ఉత్తర భారతంలో నైరుతి రుతుపవనాల ముందు కనబడే చాతకాలు అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా నుంచి వస్తాయి. 2020లో డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ వాళ్ళు రెండు చాతకాలకు ఉపగ్రహ ట్యాగులు కట్టి "మేఘ్", "చాతక్" అని పేర్లు పెట్టారు.

మన దక్షిణాదిలో ఒక తిరకాసు ఉంది. ఇక్కడ ఏడాదంతా ఉండిపోయే చాతకాలూ ఉన్నాయి. మే నెలలో మీరు చూసింది ఆఫ్రికా నుంచి వచ్చిందో, పక్క మండలం నుంచి వచ్చిందో చూపుతో తేల్చలేం. గుంపుగా ఏడెనిమిది కలిసి ఆకులు గెలుకుతూ గోల చేసే మట్టిరంగు సిద పిట్టలు మీ పెరట్లో ఉంటే, చాతకం వాటి గూటిలోనే గుడ్డు పెడుతుంది. ఆగస్టులో ఒక సిద పిట్ట తనకంటే వేరుగా ఉన్న జుట్టుపిల్లకు తిండి పెడుతుంటే ఆశ్చర్యపోకండి.

దసరా రోజు పాలపిట్ట ఎందుకు కనబడటం లేదు?

పాలపిట్ట ఎండాకాలంలో చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. వానలు తగ్గి, పంట చేలల్లో పురుగులు బాగా ఉన్న రోజుల్లో తీగల మీద, గుంజల మీద బయటికొచ్చి కూర్చుంటుంది. మన దసరా సరిగ్గా ఆ రోజుల్లో పడింది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను తన పక్షిగా ప్రకటించుకుంది.

తగ్గిన మాట నిజం. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదిక 942 జాతులను పరిశీలించి, మళ్ళీ శ్రద్ధగా చూడాల్సిన పక్షుల్లో పాలపిట్టను చేర్చింది. వాలడానికి ఖాళీ పొలం, గుడ్లకు తొర్ర ఉన్న ముసలి చెట్టు, తినడానికి పురుగులు కావాలి దానికి. ఈ మూడింటినీ మనం ఏం చేశామో ఊరి బయటికెళ్ళి చూస్తే తెలుస్తుంది.

ఒక్క విన్నపం. దసరా నాడు పంజరంలో పాలపిట్టను పట్టుకొచ్చి చూపించి డబ్బులు అడిగేవాళ్ళకు రూపాయి ఇవ్వకండి. రెక్కలు కట్టేసి తెస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కట్టేసిన పిట్టను చూస్తే ఏం శుభం?

పొద్దున్నే బాత్‌రూంలో రంగురంగుల బొద్దు పిట్ట కూర్చుని ఉంది. ఎవరిదైనా పెంపుడు పిట్టా?

అక్టోబరు, నవంబరుల్లో గానీ ఏప్రిల్, మేలో గానీ అయితే, అది దాదాపుగా పొన్నంకి పిట్ట. పొట్టి తోక, పచ్చని వీపు, కంటికి నల్లని పట్టీ, తోక కింద ఎరుపు. ఉత్తరాదిలో దీన్ని "నవరంగ్" అంటారు. తమిళంలో ఆరు గంటల పిట్ట అనే అర్థం వచ్చే పేరుంది, పొద్దున సాయంత్రం ఆ వేళకే కూస్తుందని.

ఇది మన ఉపఖండం లోపలే వలస తిరుగుతుంది. వానాకాలంలో హిమాలయాల అడుగున, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు దిగుతుంది. ప్రయాణం రాత్రిపూట. తెల్లవారేసరికి అలసిపోయి కనబడిన చోట దిగుతుంది, దీపాలకు తికమక పడుతుంది, అద్దాలకు కొట్టుకుంటుంది. మా వీధిలో ఒకసారి స్కూటర్ షెడ్డులో దొరికింది. చూసినవాళ్ళంతా చిలుక జాతి అనుకుని జామపండు పెట్టారు. అది తినేది పురుగులు, వానపాములు.

చేయాల్సిందల్లా ఒకటే: గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, చీకటిగా, సద్దు లేకుండా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి. రెండు మూడు గంటలయ్యాక సాయంత్రం పొదల దగ్గర పెట్టె తెరవండి. రెక్క విరిగినట్టుంటే అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేయండి. సెల్ఫీల కోసం చేతులు మార్చారంటే ఆ టెన్షన్‌కే చచ్చిపోతుంది.

రాకపోకలు మారడానికి కారణం వాతావరణ మార్పేనా?

కొంత ఔను, కొంత తెలియదు, కొంత కాదు. ఈ మూడూ కలిపి ఒకే మాటలో చెప్పేవాళ్ళను నమ్మను.

ఔను అనేదానికి బాగా తెలిసిన ఉదాహరణ యూరప్‌ది. నెదర్లాండ్స్ అడవుల్లో వసంతం వేడెక్కి గొంగళిపురుగులు ముందుగా పుట్టడం మొదలైంది. ఆఫ్రికా నుంచి వచ్చే పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట మాత్రం పగటి పొడవును నమ్ముకుని పాత తేదీకే బయలుదేరింది. వచ్చేసరికి పిల్లలకు పెట్టాల్సిన పురుగుల కాలం దాటిపోయింది. బయలుదేరే చోట ఉన్న పిట్టకు చేరబోయే చోట ఏం జరుగుతోందో తెలియదు. అసలు చిక్కు అదే.

మన దగ్గర అంత పొడవైన లెక్కలు తక్కువ. 1931లో నిజాం ప్రభుత్వం డబ్బుతో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. అది మనకు మంచి పునాది, కానీ ఏటేటా మొదటి రాక తేదీలు అందులో దొరకవు. 2023 నివేదిక చెప్పింది వేరే సంగతి: ఇక్కడే ఉండే పక్షుల కంటే, ఉత్తరాన మంచు ప్రాంతాల నుంచి చాలా దూరం ప్రయాణం చేసి వచ్చేవి ఎక్కువగా తగ్గుతున్నాయి. కారణం మన చెరువు కావచ్చు, దారిలో విడిది కావచ్చు, అక్కడి గూటి నేల కావచ్చు. మన మీదుగా పోయే మధ్య ఆసియా వలస దారి దాదాపు 30 దేశాల మీదుగా సాగుతుంది. ఎక్కడ దెబ్బ తగిలినా మన దగ్గర సంఖ్య తగ్గుతుంది.

ఇక మా పెరటి మాట. పదిహేనేళ్ళలో వార్బ్లర్ మొదటి అరుపు తేదీ రెండు వారాల మధ్య అటూ ఇటూ ఊగింది తప్ప ఒకవైపే జరుగుతూ పోలేదు. నిజంగా మారింది గులాబీ గోరింకల సంగతి. ఒకప్పుడు సాయంత్రాలు మా ఇంటి మీదుగా మబ్బులా పోయేవి. ఇప్పుడు పదో పాతికో. మబ్బుల్లో కారణం వెతకక్కర్లేదు. మా ఊరి చుట్టూ జొన్న చేలు పోయి పత్తి వచ్చింది, పత్తి పోయి వెంచర్లు వచ్చాయి. రాళ్ళు పాతిన ప్లాట్లలో అవి ఏం తింటాయి?

ఇంకో సంగతి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఎండిపోయాయి కదా, మా వేపా మాడిపోయింది. ఆ అక్టోబరులో వార్బ్లర్ అరుపు లేదు. "ఈసారి రాలేదు" అని డైరీలో రాసేశాను. నాలుగు రోజుల తర్వాత వీధి చివరి చింతచెట్టు మీద వినిపించింది. వచ్చింది, చెట్టు మార్చుకుంది. రాసింది కొట్టేశాను. అప్పటి నుంచి "రాలేదు" అని కాక "మా ఇంట్లో వినలేదు" అనే రాస్తున్నాను.

వానలు బాగా పడి చెరువు నిండింది. అయినా పక్షులు లేవేం?

నిండింది కాబట్టే. ఉల్లంకులు, ఫ్లెమింగోలు, కొంగలు నిలబడి మేస్తాయి. వాటికి బురద, జానెడు లోతు నీళ్ళు కావాలి. అలుగు పారుతున్న చెరువులో కాలు పెట్టే చోటుండదు. పైగా మంచి వానల ఏడు ప్రతి కుంటలో నీళ్ళుంటాయి, పక్షులు చెల్లాచెదురవుతాయి. కరువు ఏడు మిగిలిన ఒకటి రెండు చెరువుల్లోనే గుంపు కడతాయి, అప్పుడు మనం "ఈసారి పక్షులు ఎక్కువొచ్చాయి" అని మురిసిపోతాం. ఒక్క చెరువును చూసి ఏడాది లెక్క చెప్పకూడదు. నీళ్ళు తీసేకొద్దీ జనవరి, ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళి చూడండి.

పిచ్చుకలు ఎక్కడికి వలసపోయాయి?

పిచ్చుక వలసపోదు. పుట్టిన చోటికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపే బతుకు గడుపుతుంది. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చాక గూటికి సందు లేదు. పిల్లలకు పెట్టే పురుగులు మందులకు చచ్చాయి. కిరాణా కొట్ల ముందు గింజలు రాలే బస్తాలు పోయి ప్యాకెట్లొచ్చాయి. సెల్ టవర్ల వల్లేనని గట్టిగా చెబుతారు గానీ అది రుజువు కాలేదు. దేశం మొత్తం మీద పిచ్చుక మరీ తగ్గలేదు, పెద్ద నగరాల్లోనే తగ్గింది. నమ్మకపోతే ఏదైనా చిన్న ఊరి బస్టాండుకు వెళ్ళి చూడండి.

మా ఊళ్ళో నెమళ్ళు ఎక్కువయ్యాయి. ఇదీ వలసేనా?

కాదు. నెమలి దేశమంతటా పెరుగుతోంది, కోయిల కూడా. పొలం మీద పడి నష్టం చేస్తుంటే కోపం వస్తుంది, అర్థమవుతుంది. కానీ అది జాతీయ పక్షి. విషం పెట్టకండి, జైలుకు పోతారు.

గింజలు, నీళ్ళు పెడితే వలస పిట్టలు ఆగిపోతాయా?

ఆగవు. వెళ్ళే రోజు వస్తే మీరు పాయసం పెట్టినా వెళ్ళిపోతాయి. అసలు పెరట్లోకి వచ్చే వలస పిట్టల్లో చాలావాటికి గింజలు అక్కర్లేదు, పురుగులు కావాలి. గోదావరి వైపు గుమ్మానికి కట్టే వరికంకుల కుచ్చులు పిచ్చుకలకు, మునియాలకు మంచివి, అందంగానూ ఉంటాయి. వార్బ్లర్ కోసమైతే ఒక మూల పొదను కొట్టకుండా వదిలేయండి, జామచెట్టుకు మందు కొట్టడం మానేయండి. ఈ విషయంలో మా ఇంట్లోనే ఏటా గొడవ. పాములొస్తాయని మా ఆవిడ అంటుంది, అది తీసిపారేసే మాట కాదు. చివరికి వెనక గోడ మూల ఆరడుగులు నాకు వదిలింది.

నీళ్ళకు మట్టి మూకుడు చాలు. రెండు వేళ్ళ లోతు మించకూడదు, మధ్యలో ఒక రాయి పెట్టండి, రోజూ కడిగి మార్చండి. మార్చకపోతే మిగిలేవి దోమలే.

ఫోన్‌లో యాప్ పిట్ట అరుపు విని పేరు చెబుతుంది. నమ్మొచ్చా?

మెర్లిన్ యాప్ మంచిదే, నేనూ వాడతాను. కానీ అది చెప్పింది మొదలు మాత్రమే, తేల్చేది మీ కన్ను. పెరటి చెట్ల మీద తిరిగే పచ్చని లీఫ్‌బర్డ్ ఇతర పిట్టల గొంతులు అనుకరిస్తుంది. యాప్ దాని మాట నమ్మి మూడు పేర్లు చెబుతుంది. మా గ్రూపులో ఒకాయన ఒకే ఉదయం ముప్పై నాలుగు జాతులు "విన్నానని" పెట్టారు. కళ్ళతో చూసినవెన్నని అడిగితే జవాబు లేదు.

ఇంకో చిక్కు: యాప్ వచ్చాక "ఎప్పుడూ లేని పిట్టలు మా ఊరికొస్తున్నాయి" అనేవాళ్ళు పెరిగారు. పిట్టలు ఎప్పటి నుంచో వస్తున్నాయి, మన చెవులు ఇప్పుడొచ్చాయి.

నేనూ రాయడం మొదలుపెట్టాలంటే?

రోజూ ఒకే చోట, ఒకే వేళకు, పదిహేను నిమిషాలు. సమయం, చోటు మారిస్తే మీ ఏడాదులను ఒకదానితో ఒకటి పోల్చలేరు. వారానికొక్కసారి చూసేవాడికి "మొదటి రాక" తేదీలో వారం తప్పు సహజంగానే ఉంటుంది. ఏమీ కనబడని రోజు కూడా "ఏమీ లేదు" అని రాయండి. మొదటి తేదీ అందరికీ గుర్తుంటుంది, ఆఖరి తేదీ ఎవరికీ ఉండదు. ఎందుకంటే అదే ఆఖరిదని ఆ రోజు తెలియదు. కాబట్టి ఏప్రిల్‌లో విన్న ప్రతిసారీ రాయాలి. వాన, గాలి, చెట్టు పూత, చెరువు మట్టం ఒక మాటలో పక్కన రాస్తే ఇంకా మంచిది.

నోటుబుక్కు ఇంట్లో ఉంచుకుని, అవే వివరాలు ఈబర్డ్‌లో (ఎవరైనా తాము చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) కూడా ఎక్కించండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెడుతుంది. మన దేశం 2013 నుంచి అందులో ఉంది. మొదలుపెట్టడానికి అది మంచి సందర్భం. ఎవరితోనైనా కలిసి తిరగాలనుకుంటే హైదరాబాద్‌లో 1980లో మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్న సంఘం ఉంది.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్‌లకు చక్కెర నీళ్ళు పెడుతోంది. చలికాలం ముందు తీసేయకపోతే అవి వెళ్ళకుండా చచ్చిపోతాయని ఎవరో చెప్పారట. నిజమేనా?

కాదు, ఉంచమనండి. వాటినీ పంపేది పగటి పొడవే. రూబీ కంఠం హమ్మింగ్‌బర్డ్ మెక్సికో సింధుశాఖను దాటేటప్పుడు దాదాపు 800 కిలోమీటర్లు ఆగకుండా ఎగరాల్సి వస్తుంది, ఆలస్యంగా బయలుదేరిన వాటికి ఆ చక్కెర పనికొస్తుంది. ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్ళు, రంగు కలపకూడదు, బెల్లం తేనె వద్దు. వలస రోజుల్లో రాత్రిపూట బయటి దీపాలు ఆర్పేయమనండి. మన పొన్నంకి పిట్టకు ఉన్న కష్టమే అక్కడి పిట్టలకూ.

వలస పక్షుల వల్ల బర్డ్ ఫ్లూ వస్తుందా?

పెరట్లో బతికున్న పిట్టను చూడటం వల్ల మీకేమీ కాదు. ఒకేచోట చాలా పక్షులు చచ్చి కనబడితే ముట్టుకోకుండా పశువైద్య శాఖకు చెప్పండి. నీళ్ళ మూకుడు కడిగాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. పిట్టలకు ఏమైనా అవుతుందా?

నైలాన్ మాంజాకు రెక్కలు తెగుతాయి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతోంది. నూలు దారం కొనివ్వండి. పండగ అయ్యాక చెట్లకు చిక్కుకున్న దారాన్ని కొంకికర్రతో తీసేయడం మా వీధి పిల్లలకు ఒక ఆటయింది: ఎవరి ఉండ పెద్దదైతే వాళ్ళకు జంతికలు. పోయినసారి మా మందారం మీద నుంచే కొబ్బరికాయంత ఉండ వచ్చింది.